క్లాసు ఎందుకు నవ్వింది?

చచ్చిపోయిన మనిషి గొంతు టేపులో వినడం లాస్ట్ బెంచ్‌కి కొత్త కాదు. అతని ఉద్యోగమే అలాంటిది. కానీ ఇది తనని నిలబెట్టి తిట్టిన గొంతు. చీఫ్ టేబుల్ మీద టేప్ రికార్డర్ తిరుగుతుంటే అతనికి తెలియకుండానే నడుం నిటారయింది.

"ఇటు చూడండి. చేప తోకలో రెండు సాకెట్లున్నాయి. ఎర్ర ప్లగ్ మాత్రం ఒక్కటే. ఎడమది ప్రాక్టీస్..."

టేపులో క్లాసంతా గొల్లున నవ్వింది.

"నవ్వొద్దు, వినండి. ఎడమది ప్రాక్టీస్. కుడిది యుద్ధం. ప్లగ్ ఎడమన పెడితే చేప శబ్దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, దాని కిందనుంచి దూరి, అవతల తేలుతుంది. కుడిన పెడితే పేలుతుంది. అసలు పెట్టకపోయినా పేలుతుంది. ఇది రాసుకోవద్దు. గుర్తుపెట్టుకోండి."

చీఫ్ మీట నొక్కాడు. టేపు ఆగింది. గొంతు మాత్రం గదిలోనే ఎక్కడో మిగిలిపోయినట్టు అనిపించింది లాస్ట్ బెంచ్‌కి.

"గుర్తుపట్టావా?"

"మా మాస్టారు సార్."

డిపార్ట్‌మెంట్‌లో అతనికి కోడ్ నేమ్ పెట్టేటప్పుడు "చదువుకునే రోజుల్లో ఎక్కడ కూర్చునేవాడివి?" అని అడిగారు. నిజం చెప్పాడు. ఆ నిజమే పేరై కూర్చుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్ళందరూ వంతెన దాటి ఫ్యాక్టరీలో చేరితే, ఇతనొక్కడు దారి తప్పి గూఢచారి అయ్యాడు. చెరువుకి ఇటు ఒడ్డున కాలేజీ, అటు ఒడ్డున టార్పెడో ఫ్యాక్టరీ, మధ్యలో కాలినడక వంతెన. పిల్లలు పొద్దున పాఠం వింటారు, మధ్యాహ్నం వంతెన దాటి అదే పాఠాన్ని ఇనుముతో చేస్తారు. యూనిఫాం ఒకటే, జేబు మీద బ్యాడ్జీ మారుతుంది. టార్పెడోని అక్కడ ఎవరూ టార్పెడో అనరు. చేప అంటారు.

"మీ మాస్టారు పోయిన నెల ఆ వంతెన మీదనుంచి పడి చనిపోయాడు," అన్నాడు చీఫ్. "ఆత్మహత్య అంటున్నారు. తర్వాత ఆయన సొరుగులో ఈ టేపు దొరికింది. సాకెట్ల మీద గుర్తులుండవు, కాగితం మీద ఎక్కడా రాయరు. ఏటా ఆఖరి క్లాసులో ఆయన నోటితో చెప్పడమే. ఆ క్లాసు వీడియో కూడా తియ్యరు. అలాంటి పాఠం టేపులోకి ఎలా ఎక్కింది? అమ్ముకుని ఉంటాడు. పట్టుబడతానని దూకి ఉంటాడు."

"మాస్టారా? బడి సుద్దముక్క ఇంటికి తీసుకెళ్ళని మనిషి సార్ ఆయన."

"అలాంటివాళ్ళే ఒకేసారి పెద్దది పట్టుకెళ్తారు." చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రేపు ట్రయల్. చేప తల నిండా అసలు పేలుడు మందే. ఆనవాయితీ ప్రకారం దాన్ని తయారుచేసిన ఫైనల్ ఇయర్ పిల్లలంతా పడవ మీద నిలబడి చూస్తారు. ఆ సాకెట్ల సంగతి శత్రువుకి తెలిసిపోయిందంటే వాళ్ళేం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. వెళ్ళు. లోపల మన మనిషి ఉంది. టేపు పట్టుకున్నది కూడా ఆవిడే."

"ఆవిడా?"

"విజిటింగ్ లెక్చరర్. శత్రువు గూఢచారుల రింగు ఆవిడని తమ మనిషే అనుకుంటోంది. మనం మన మనిషే అనుకుంటున్నాం."

"ఆవిడ ఏమనుకుంటోంది సార్?"

చీఫ్ ఆ ప్రశ్న వినిపించుకోలేదు. వినిపించుకోకపోవడంలో ఆయనకి చాలా సర్వీసు ఉంది.

లాస్ట్ బెంచ్ మెట్లు దిగుతుంటే టేపులోని నవ్వు వెంటవచ్చింది. ప్రాణాలు తీసే పాఠం. అందులో నవ్వడానికేముంది? ఆ క్లాసు ఎందుకు నవ్వింది? ఆ కారణం తనకి ఎప్పుడో తెలుసని, మర్చిపోయాడని అనిపించింది. ఈ పాఠం తనకీ చెప్పే ఉంటారు. తను ఆ రోజు యథాప్రకారం నిద్రపోయి ఉంటాడు.

*

ప్రొజెక్టర్ మెకానిక్ వేషం సులువు. భుజాన ఓ సంచీ, మొహాన కాస్త విసుగు ఉంటే చాలు, ఏ తలుపైనా తెరుస్తారు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన స్క్రూడ్రైవర్ పిడిలో చిన్న రేడియో ఉంది. కొండ అడ్డమొస్తే అది పనిచేయదన్న ముక్క ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

క్లాసులో అడుగుపెట్టగానే గుండె గుభేలుమంది.

మాస్టారు పాఠం చెబుతున్నారు.

గోడ మీది తెర నిండా నిలువెత్తు మనిషి. అదే చొక్కా, మోచేతి దాకా అదే సుద్దపొడి. ఆయన స్థానంలో ఇంకా ఎవరూ రాలేదట. అందుకని ఆయన బతికుండగా తీసిన వీడియో పాఠాలే రోజూ వేస్తున్నారు. అంతవరకూ సరే. మాస్టారు తెరలోంచి ప్రశ్న వేస్తారు, జవాబు కోసం ఆగుతారు. పిల్లలు జవాబు చెబుతారు. ఆయన తల ఊపి "కరెక్ట్" అంటారు. వాళ్ళు తప్పు చెప్పినా "కరెక్ట్" అనే అంటారు, అది వేరే విషయం. చనిపోయిన మనిషి ప్రశ్నలు వేయడం, ఇంతమంది పిల్లలు ఆయనకి జవాబివ్వడం, ఎవరికీ అది వింతగా తోచకపోవడం చూసి లాస్ట్ బెంచ్ ప్రొజెక్టర్ వెనక అలాగే ఉండిపోయాడు.

ఉన్నట్టుండి మాస్టారు తలెత్తి సూటిగా అతనివైపే చూశారు.

"ఏయ్, వెనక బెంచీ! నిద్రపోతున్నావా?"

సంచీ చేజారింది. ఆగారు మాస్టారు, జవాబు కోసం. వెనక బెంచీ ఖాళీగా ఉంది.

"సరే, సరే. కాస్త ఎడమకి జరిగి కూర్చో. బోర్డు కనిపిస్తుంది," అంటూ చేత్తో పక్కకి చూపించి, మళ్ళీ పాఠంలో పడ్డారు.

క్లాసయ్యాక పిల్లలు వెళ్ళిపోతుంటే ముందు బెంచీలో జడ వేసుకున్న అమ్మాయిని ఆపాడు. క్లాసు లీడర్ అని బ్యాడ్జీ చెబుతోంది.

"మాస్టారి ఆఖరి క్లాసులో బాగా నవ్వుకున్నారటగా. ఎందుకమ్మా?"

ఆ పిల్ల మొహం బిగుసుకుపోయింది. "ఆ క్లాసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదండీ. సార్‌కి మాటిచ్చాం." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆయన్ని దొంగ అంటున్నారు. మీరూ అలాగే అనుకుంటున్నారా?"

"నేను ప్రొజెక్టర్ బాగుచేసేవాణ్ణమ్మా."

"నేను అడిగినదానికి అది జవాబు కాదు," అని వెళ్ళిపోయింది.

గది ఖాళీ అయ్యింది. బోర్డు దగ్గర డస్టర్ కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాడు. ఎన్నిసార్లు ఈ డస్టర్ గాల్లో ఎగిరొచ్చి తన నెత్తిన వాలిందో! ఇప్పుడు తేలిగ్గా ఉంది, ఉండాల్సినదానికంటే తేలిగ్గా. వెనక చెక్క కదిపితే ఊడొచ్చింది. లోపల తొలిచిన గుంట, అందులో తెగిన సన్నటి వైరు ముక్క. ఇక్కడ మైకు పెట్టారు, పని అయ్యాక తీసేశారు. అంటే మాస్టారు పాఠాన్ని అమ్మలేదు. ఎవరో దొంగిలించారు.

"సుద్దముక్కలు అయిపోయాయా?" వెనకనుంచి ఆడగొంతు. దానికంటే ముందు సెంటు వాసన వచ్చింది.

"డస్టర్ కూడా పోయేలా ఉంది," కోడ్ పూర్తిచేశాడు లాస్ట్ బెంచ్.

పిల్లలు ఆవిడకి పెర్ఫ్యూమ్ మేడం అని ఎందుకు పేరుపెట్టారో అడగక్కర్లేదు. నల్ల చీర, కళ్ళకి పెద్ద అద్దాలు, సినిమా పోస్టర్‌లోంచి దిగి అటెండెన్స్ తీసుకోవడానికి వచ్చినట్టుంది. డస్టర్‌లో గుంట చూసి ఏమాత్రం తొణకలేదు.

"ఆయనే పెట్టుకుని ఉంటారు," అంది మెల్లగా. "నాకూ బాధగానే ఉంది. నేను విదేశంలో ఆయన దగ్గర కోర్సు చేశాను. ఆయన శిష్యురాలిని. అందుకే రేపు ప్లగ్ పెట్టే పని ఫ్యాక్టరీ బోర్డు నాకు అప్పగించింది. సాకెట్ల సంగతి ఆయన అప్పుడే చెప్పారు నాకు."

"అయితే మీకు తెలిసే ఉంటుంది. టేపులో క్లాసు నవ్వింది. ఎందుకంటారు?"

ఆవిడ కూడా నవ్వింది. "మాస్టారి సంగతి తెలియదా? జోకులకి పెట్టింది పేరు కదా ఆయన!"

లాస్ట్ బెంచ్ తలూపాడు. ఏదో తేడా కొట్టింది కానీ ఎక్కడో తెలియలేదు. ఆ సెంటు వాసనలో బుర్ర సరిగ్గా పనిచేయడం కష్టమే.

"రేపు పడవ మీద స్పీకర్ల పని కూడా మీకే ఇప్పించాను," వెళ్తూ అంది. "ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు. వాల్యూమ్ పూర్తిగా పెంచండి. ఆయనకి వినపడాలని మహా సరదా."

*

మాస్టారి ఇల్లు చెరువు గట్టు మీదే. కిటికీలోంచి వంతెన కనిపిస్తుంది. అమ్మగారు కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు.

"కుర్చీ ఇటు తిప్పుకున్నాను నాయనా. అటు చూడలేకపోతున్నాను," అన్నారు. "నువ్వు ఆ వెనక బెంచీ కుర్రాడివి కదూ? మీసం పెట్టినంత మాత్రాన గుర్తుపట్టననుకున్నావా?"

డిపార్ట్‌మెంట్ మేకప్ మనిషి మూడు రకాల జిగురుతో అంటించిన మీసం అది. లాస్ట్ బెంచ్ సిగ్గుపడి ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరూ గడప తొక్కట్లేదు," అన్నారావిడ. "చచ్చిపోయాడన్న దుఃఖం ఎలాగో మింగుతాను. దేశాన్ని అమ్మినవాడు అంటున్నారు చూడు, అది గొంతు దిగట్లేదు. పిల్లలకి పాఠం చెప్పడం తప్ప మరో పని తెలియని మనిషి. నువ్వేం ఉద్యోగం చేస్తున్నావో నేను అడగను. ఆ మాట మాత్రం ఆయన మీద పడకుండా చూడు. ఇంకేమీ వద్దు."

మాటివ్వాలనుకుంటూనే గోడ మీద పెళ్ళి ఫొటో వైపు చూశాడు. ఫొటోలో అమ్మగారు నిండుగా ఉన్నారు. మాస్టారు సగమే ఉన్నారు, ఒక చెవి, ఒక భుజం, అరమీసం.

అతని చూపు ఎటు పోయిందో గమనించి అన్ని రోజుల్లో మొదటిసారి కాబోలు, అమ్మగారు నవ్వారు. "ఫొటో తీసేవాడు 'మీరు కొంచెం ఎడమకి జరగండి' అన్నాడు. ఈయన జరిగారు. ఫొటోలోంచి బయటికే జరిగారు! జీవితాంతం అంతే. దారి అడిగినవాళ్ళకి ఈయన చెప్పారంటే వాళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ మా గుమ్మం దగ్గరికే వచ్చేవాళ్ళు."

"జోకులు బాగా వేసేవారట కదమ్మగారూ?"

"ఎవరు, ఈయనా?" ఆవిడ ముక్కున వేలేసుకున్నారు. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కటంటే ఒక్క జోకు వేసిన పాపాన పోలేదు. ఎవరైనా వేస్తే అర్థమయ్యేది కూడా కాదు. ఎవరు చెప్పారు నీకు?"

లాస్ట్ బెంచ్ లేచి నిలబడ్డాడు. అవును. మాస్టారు జోకు వేయగా తనూ ఎప్పుడూ వినలేదు. క్లాసు ఎన్నోసార్లు నవ్వేది, ఆయన ఎందుకో తెలియక బిక్కమొహం వేసేవారు. ఆయన శిష్యులెవరికైనా ఆ సంగతి తెలుసు. ఆవిడకి తెలియదు. ఆయన్ని ఎన్నడూ క్లాసులో చూడని మనిషి ఆవిడ.

*

ట్రయల్ రోజు తెల్లారింది. చెరువు మీద ఎండ పడుతోంది. జెట్టీ చివర వాలుగా వేసిన పట్టాల మీద చేప పడుకుని ఉంది, తల నీళ్ళవైపు, తోక ఒడ్డువైపు. దూరంగా టార్గెట్ కోసం పాత మోటారు పడవ ఒకటి ఇంజన్ వేసుకుని గొణుగుతోంది. దానికి కుడిగా, బాగా దూరంలో, పిల్లలతో నిండిన పెద్ద పడవ. అంత మందు నింపిన తలకాయ ఎదురుగా ఎవరో కన్న పిల్లల్ని వరసగా నిలబెట్టాలన్న ఆలోచన మొదట ఏ మహానుభావుడికి వచ్చిందోగానీ, దాన్ని అందరూ గౌరవం అనుకుంటున్నారు.

చీఫ్‌కి ఫోన్ చేద్దామని తెల్లవారినప్పటినుంచీ ప్రయత్నం. ట్రయల్ రోజున బయటి లైన్లన్నీ కట్. స్క్రూడ్రైవర్ రేడియోకి కొండ అడ్డం. కంట్రోల్ రూమ్ ఆ కొండ వెనకే ఉంది. గేటు దగ్గర సెంట్రీ "మెకానిక్‌వి, నీకు కంట్రోల్ రూమ్‌తో ఏం పని?" అని తరిమాడు. వేషం మరీ బాగా కుదిరితే వచ్చే చిక్కు ఇదే. ఇక మిగిలింది జెట్టీ.

మొదటి సైరన్ మోగింది. అందరూ జెట్టీ ఖాళీ చేశారు. రూలు ప్రకారం ప్లగ్ పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. లాస్ట్ బెంచ్ స్పీకర్ వైరు చుట్ట భుజాన వేసుకుని చెక్కల మీద నడుచుకుంటూ వెళ్ళేసరికి మేడం చేప తోక మూత బిగిస్తోంది.

"ఇక్కడేం పని నీకు?" తిరిగి చూసింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"ఒక్క డౌటు మేడం. మాస్టారి జోకుల్లో ఒకటి చెబుతారా?"

ఆవిడ కళ్ళు అద్దాల వెనక చిన్నవయ్యాయి. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళి సెంటు సీసాతో బయటికొచ్చింది. అప్పుడు తట్టింది లాస్ట్ బెంచ్‌కి. ఇవాళ ఆవిడ దగ్గర సెంటు వాసనే లేదు. అంటే ఆ సీసాలో ఉన్నది సెంటు కాదు. ఊపిరి బిగబట్టి కిందికి వంగాడు. తెల్లటి పొగ నెత్తి మీదుగా పోయింది, కళ్ళు భగ్గుమన్నాయి. భుజాన ఉన్న వైరు చుట్ట విసిరి కొస లాగాడు. ఎత్తు మడమ చెప్పు వైరులో చిక్కుకుని మేడం చెక్కల మీద దబ్బున పడింది. లేచేలోపు చేతులు, కాళ్ళు స్పీకర్ వైరుతో కట్టేశాడు. గూఢచారి విద్య మొత్తంలో అతనికి ముడి వేయడం ఒక్కటే బాగా వచ్చు.

జెట్టీ ఫోన్ అందుకున్నాడు. చచ్చిన ఫోను. వైరు కోసేసి ఉంది.

రెండో సైరన్ మోగింది.

"వృథా శ్రమ," కట్లలోంచే నవ్వింది మేడం. "మూడో సైరన్‌కి చేప దానంతటదే బయల్దేరుతుంది. ప్లగ్ కుడిన పెట్టాను. ఈ చెరువులో అన్నిటికంటే పెద్ద శబ్దం ఎక్కడుంది చెప్పు? నువ్వు వాల్యూమ్ పెంచిన స్పీకర్ల దగ్గర. రేపు పేపర్లలో మీ మాస్టారి టేపు గురించే రాస్తారు. తన పిల్లల్ని తనే చంపించిన మాస్టారు అని."

"ఆయన్ని వంతెన మీదనుంచి తోసింది..."

"డస్టర్ చేతిలో పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు పాపం, ఎవరో మైకు పెట్టారమ్మా అని. అమాయకుడు."

లాస్ట్ బెంచ్‌కి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి ఇది వేళ కాదు. ఒక్క ఉదుటున చేప తోక దగ్గరికి ఉరికి మూత తిప్పాడు. రెండు సాకెట్లు. ఎర్ర ప్లగ్ కుడి సాకెట్లో ఉంది. ఆవిడ అబద్ధమాడలేదు.

నీళ్ళ మీదుగా ప్రిన్సిపాల్ ఉపన్యాసం మోగుతోంది, విద్య గురించి, దేశం గురించి, మళ్ళీ విద్య గురించి. పడవ అంచున వరసగా పిల్లలు, చిన్నచిన్న తెల్ల యూనిఫాంలు. ఆ జడ పిల్ల వాళ్ళలోనే ఎక్కడో ఉంటుంది. లాస్ట్ బెంచ్ ప్లగ్ పట్టుకున్నాడు. పీకి ఎడమన పెట్టాలి. అంతే. చెయ్యి చెమటకి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

అప్పుడు పడవ మీద మైకు కీచుమంది. ప్రిన్సిపాల్ తడబడ్డాడు.

పిల్లలంతా గొల్లున నవ్వారు.

అదే నవ్వు. టేపులో నవ్వింది ఈ పిల్లలే. నీళ్ళ మీదుగా అచ్చం అలాగే వచ్చి తగిలింది. లాస్ట్ బెంచ్ చెయ్యి ఆగిపోయింది.

తోక తనవైపు. పిల్లలు ఎదురుగా. ఆఖరి క్లాసులో చేపని బల్ల మీద పెట్టి మాస్టారు నిలబడింది సరిగ్గా ఇలాగే, తోక దగ్గర. ఈ చోటునుంచే ఆయన వాళ్ళ మొహాలు చూశారు. ఈ చోటునుంచే "ఎడమది ప్రాక్టీస్" అన్నారు. వాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వారు?

పక్కన ఎవరో నిలబడ్డట్టు, సుద్దపొడి వాసన వచ్చినట్టు అనిపించింది. తెరలో మాస్టారు "ఎడమకి జరిగి కూర్చో" అంటూ చూపించిన చెయ్యి కళ్ళముందు మెదిలింది. ఏ చెయ్యి అది? కుడి చెయ్యి! ఎడమ అంటూ కుడి చెయ్యి ఎత్తేవారు. ఎప్పుడూ అంతే. పిల్లలకి ఎదురుగా నిలబడి, పిల్లల ఎడమే తన ఎడమ అనుకుని బతికిన మనిషి. ఫొటో తీసేవాడి ఎడమకి జరిగి పెళ్ళి ఫొటోలోంచే వెళ్ళిపోయిన మనిషి! ఆ రోజు కూడా "ఎడమది" అంటూ తన కుడి పక్క సాకెట్ మీద వేలు పెట్టి ఉంటారు. పిల్లలు గొల్లుమన్నారు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు.

తోక దగ్గర నిలబడ్డవాళ్ళకి కుడిదే ప్రాక్టీస్. ప్లగ్ ఇప్పుడున్నది అందులోనే.

నిజంగా అంతేనా? పొరపాటైతే? అంతమంది పిల్లల ప్రాణాలు ఒక్క నవ్వు మీద నమ్మకంతో వదిలేయగలడా? 'మాస్టారూ, మీ క్లాసులో ఎప్పుడూ నిద్రపోయాను. ఇది ఒక్కటి మాత్రం నాకు కరెక్టుగా గుర్తుండేట్టు చూడండి,' అనుకున్నాడు. మనసులో అనుకున్నాననుకున్నాడు. పైకే అన్నాడు.

మూత వేసి బిగించి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

మూడో సైరన్ మోగింది.

చేప పట్టాల మీదనుంచి జారి నీళ్ళలో పడింది. తెల్లటి నురగ గీత పాత పడవవైపు సాగింది, కాస్త సందేహించింది, కుడికి తిరిగింది. నేరుగా ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసంవైపు. మేడం మెడ సాచి చూస్తోంది, పెదాల మీద నవ్వుతో. లాస్ట్ బెంచ్ కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలనిపించింది కానీ మూసుకోలేదు. నురగ గీత పడవ దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఇక పక్కకి తగిలేంత దగ్గరికి వెళ్ళి మాయమైంది. ఎవరో పిల్ల అరిచింది. చెరువు మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది, ప్రిన్సిపాల్ తప్ప.

పడవకి అవతల నీళ్ళు పొంగాయి. పసుపు పొగ చిమ్ముతూ చేప తేలింది.

పిల్లలు ఎగిరి గంతులేశారు. ఆ గంతులకి పడవ ఊగిపోయింది. తన ఉపన్యాసానికే ఆ చప్పట్లనుకుని ప్రిన్సిపాల్ "ధన్యవాదాలు" అన్నాడు. లాస్ట్ బెంచ్ చెక్కల మీద కూలబడి, ఇందాక ఆపుకున్న ఏడుపు ఏడ్చాడు.

"ఎలా?" అంది మేడం. నవ్వు పోయింది, రంగు పోయింది. "ఆ టేపు నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను!"

"విన్నారు. చూడలేదు." ముక్కు తుడుచుకున్నాడు. "పాఠం వినేటప్పుడు మాస్టారి చెయ్యి కూడా చూడాలి మేడం. శిష్యురాలినని చెప్పుకుని ఆ ఒక్క చోటా పప్పులో కాలేశారు."

*

"రిపోర్టు రాయాలి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. మేడం నోరు విప్పింది, రింగు మొత్తం దొరికింది, మాస్టారి ఫైలు మీద 'నిర్దోషి' అని ముద్ర కొట్టేశారు. "ఆఖరి క్షణంలో నువ్వేం చేశావని రాయమంటావు?"

"ఏమీ చేయలేదు సార్. చేతులు ముడుచుకుని కూర్చున్నాను."

"అలా రాస్తే బాగుండదయ్యా."

"క్లాసులో కూడా నేను చేసింది అదే సార్."

అమ్మగారికి సంగతి చెప్పడానికి వెళ్తే ఆవిడ మొత్తం విని, లేచి కుర్చీ కిటికీవైపు తిప్పుకున్నారు. వంతెన మీద పిల్లలు అటు నుంచి ఇటు వస్తున్నారు. "ఆ పిచ్చి అలవాటు మాన్పించాలని ఎంత పోరానో," అన్నారు కళ్ళు ఒత్తుకుంటూ. "మాన్పించలేకపోయాను. మంచిదయ్యింది."

తిరిగి వెళ్ళేముందు లాస్ట్ బెంచ్ ఒక్కసారి క్లాసు గుమ్మంలో ఆగాడు. ఈసారి సంచీ లేదు, మీసం లేదు. తెర మీద మాస్టారు పాఠం చెబుతున్నారు. జడ పిల్ల చూసి, ఏమీ అనకుండా, వెనక్కి చూపించింది. వెళ్ళి తన పాత చోట కూర్చున్నాడు. బెంచీ మీద అప్పుడెప్పుడో చెక్కిన గీతలు అలాగే ఉన్నాయి.

మాస్టారు తలెత్తారు.

"ఏయ్, వెనక బెంచీ! నిద్రపోతున్నావా?"

ఆయన ఆగారు. క్లాసంతా వెనక్కి తిరిగింది. లాస్ట్ బెంచ్ లేచి నిలబడ్డాడు.

"లేదు సార్," అన్నాడు. "మేలుకునే ఉన్నాను."

మాస్టారు కాసేపు అతన్నే చూశారు.

"సరే, సరే. కాస్త ఎడమకి జరిగి కూర్చో. బోర్డు కనిపిస్తుంది."

ఎవరి ఎడమో అడక్కుండా జరిగి కూర్చున్నాడు. నిజంగానే బోర్డు కనిపించింది.